నలభై ఏడో వరస

చోడిపల్లి కొర్లయ్య. నలభై ఒకటి. సరంగు.
'కారణం' కింద మూడే ఉన్నాయి:
రోడ్డు, పడిపోవడం, దాడి.
తాడు తెగి తలమీదకొచ్చిన ఇనుప కప్పీకి
గడి లేదు.
'ఇతరములు' నొక్కి ముందుకెళ్ళాను.

పాత బ్లాకు, రెండో అంతస్తు.
కిటికీలోంచి యారాడ కొండ మీది లైట్‌హౌసు
సగమే కనబడుతుంది.
అడగడం నా ఉద్యోగం:
కళ్ళు తెరిచాడా, అద్దం కదిపితే చూపు కదిలిందా,
చెయ్యి నొక్కమంటే నొక్కాడా.
నాలుగుసార్లలో మూడుసార్లు చేస్తేనే 'అవును'.
ఒక్కసారి చేస్తే
చెయ్యనట్టే.

మొదటి నెల: కాదు, కాదు, కాదు.
మూడో నెల: కళ్ళు తెరిచాడు. మిగతావి కాదు.
తెరిచిన ఆ కళ్ళల్లో
అద్దం పట్టుకున్న నేనే కనిపించాను,
రెండుసార్లు, చిన్నగా.

"తెలివొచ్చిందా?" అనడిగాను దాలమ్మని.
మా వైపు మెలకువకీ బుద్ధికీ
అదొక్కటే మాట.
"ఆడికది ముందునుంచీ తక్కువే పాపా,
నేకపోతే నన్నెందుకు సేసుకుంటాడు?"
నవ్వుతూనే నడుం కింద దిండు మార్చింది,
రెండు గంటలకోసారి, గడియారం చూడకుండా.
దీనికీ గడి లేదు.

ఇచ్ఛాపురం నుంచి తుని దాకా నా వరసలు.
కొన్నిటికి ఫోను చేస్తే
స్విచ్చాఫ్ అంటుంది ఒక గొంతు, మూడు భాషల్లో.
వాటి పక్కన 'సంబంధం తెగింది' అని పెట్టాలి.
ఎవరికి ఎవరితోనో
ఫారం అడగదు.

ఆరో నెల. ముసురు. రేవులో మూడో నంబరు జెండా.
దాలమ్మ అతని చెవి దగ్గర వంగి
"కోనాం కిలో నూటేబైకి ఇచ్చీసినాను" అంది.
పచ్చి అబద్ధం.
అతని కనుబొమ్మలు ముడిపడ్డాయి.
పడ్డాయా?
మళ్ళీ చెప్పమన్నాను. ఈసారి నూరుకే ఇచ్చీసింది.
ముఖం, అల వెనక్కెళ్ళిన ఇసక.
మూడోసారీ అంతే. నాలుగోసారీ.
"అబద్దమని తెలిసిపోనాది పాపా,
ఇంకెందుకు ఉలుకుతాడు?"

నాలుగింట ఒకటి.
నా వేలు 'కాదు' మీదే ఉంది.
ఆమెకి చదువు రాదు. వరసలు తెలుసు.
"మా హార్బర్లో టోకెను బుక్కుంటాది.
ఎల్లిన బోటుకి ఎల్లిన టైము రాత్తారు.
రాని బోటుకి రెండో గడి అలాగ ఒగ్గెత్తారు.
గీత కొట్టరు.
మా మావ బోటుది పదకొండేళ్ళయినాది,
ఒగ్గీసే ఉంది."

'కాదు' నొక్కాను.
ఎప్పుడో ఇన్ని వరసలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళకి
నా జాలి ఒక అంకె కాకూడదు.
అడుగున, రెండొందల అక్షరాలు పట్టే చోట మాత్రం రాశాను:
ఉదయం తొమ్మిదీ నలభై. చేప ధర తప్పు చెబితే
ఒకసారి నుదురు ముడిచాడు, మళ్ళీ ముడవలేదు.
అసలు ధర ఎనిమిదొందలు.
వచ్చేసారి
కవ్వళ్ళతో మొదలుపెట్టాలి.