దారి రొట్టె

ఊరికి మొదట రంగులేసి చూశాను.
ఎరుపంటే ఆగిపోయిన చోటు,
పసుపంటే కదిలీ కదలనిది,
పచ్చంటే ఇంకా ఎవరికీ తెలియని సందు.

జెరాక్సు షాపు పైగదిలో
నాయబ్ రసూలు కోడు రాస్తాడు,
నేను తెరలు గీస్తాను.
రొట్టెల పండక్కి పన్నెండు రోజులుంది.
మద్రాసు బస్టాండు ఒక చుక్క,
గాంధీబొమ్మ ఒక చుక్క,
దర్గామిట్ట మాత్రం ఎంత చిన్నగా గీసినా
చుక్కలో పట్టనంటుంది.

పండగ మొదటిరోజు తొమ్మిదిన్నరకి
మా యాప్ తెలివిగా ఒక మాట చెప్పింది:
పొదలకూరు రోడ్డు ఖాళీ, అటు రండి.
నిజమే.
ఆ మాట చెప్పేదాకా ఖాళీగానే ఉంది.
పావుగంటలో ఆటోలు, అద్దె వ్యాన్లు,
కావలి నుంచొచ్చిన ట్రాక్టరు,
పాలక్యాన్లు వేలాడేసుకున్న మోపెడ్డు,
అందరూ ఒకే నిజాన్ని పట్టుకుని
ఒకే సందులో దూరారు.
పచ్చగీత నా వేలి కిందే ఎర్రబడింది
గోరు కింద నెత్తురు గడ్డకట్టినట్టు.

హెడ్డు పెంచలరత్నం
నోట్లోంచి విజిలు తీసి అన్నాడు:
"ఏంది పాపా, మీ ఫోను అందరికీ ఒకటే చెప్తే ఎట్టా?
నన్ను చూడు.
ఒకణ్ణి ఎడంపక్కకి తోల్తా, ఒకణ్ణి కుడికి,
మూడోవాణ్ణి ఈడే నిలబడి టీ తాగమంటా.
ఎవుడికీ అబద్ధం చెప్పను.
ఎవుడికి చెప్పాల్సింది వాడికి చెప్తా."

ఆ రాత్రి ఎడమా కుడీ ఇట్టే కుదిరాయి.
మూడోవాడి దగ్గరే
నాయబ్ తెల్లారుజాము దాకా తల పట్టుకున్నాడు.
చివరికి ఒక చిన్న పెట్టె:
ఇరవై నిమిషాలు ఆగి బయల్దేరితే మేలు.
కింద టీ గ్లాసు బొమ్మ.
ఆవిరికి రెండు గీతలు చాలన్నాడు.
మూడు గీశాను.

రెండోరోజు జనం ఇంకా పెరిగి
సిగ్నలు చచ్చిపోయింది.
తెరమీద తిరిగే చక్రం తప్ప
ఊళ్లో ఏదీ తిరగడంలేదు.

చెప్పులు చేత్తో పట్టుకుని
స్వర్ణాల చెరువులోకి దిగాను.
"ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె!"
"ఇల్లు రొట్టె ఎవరి కాడుందమ్మా?"
"చదువు రొట్టె ఇటియ్యన్నా, మా బుడ్డోడికి!"
దొరికినవాళ్లు తెచ్చారు,
కావలసినవాళ్లు అడుగుతున్నారు.
సర్వరు లేదు, పాస్‌వర్డు లేదు.
మోకాటిలోతు నీళ్లలో అన్ని వేల చేతులు
ఒక్కటీ దారి తప్పడంలేదు.

కందుకూరు హుస్సేనమ్మ
నా ఖాళీ చేతులు చూసి అడిగింది:
"నీకేం రొట్టె కావాలి పాపా?"
నోటికొచ్చింది అనేశాను:
"దారి రొట్టె."
నవ్వలేదామె.
కాసేపు ఆలోచించింది.
"అయ్యప్పగుడి కాడ బస్సు దిగి నడిచొచ్చినా.
ఆడ ఎడంచేతి పక్క కాలవగట్టు మీద జనం లేరు.
బండి పట్టదు గానీ మనిషి పడతాడు.
పొయ్యేటప్పుడు అట్టా పో."
తన ఆరోగ్యం రొట్టెలో సగం తుంచి
నా చేతిలో పెట్టింది.

గట్టెక్కాక నాయబ్‌కి మెసేజి కొట్టాను:
ఇంకో తెర కావాలి.
దాటొచ్చినవాళ్లని అడుగుదాం,
నువ్వొచ్చిన దారి ఎట్టుంది అని.
దాన్ని 'ఎలా ఉంది' అని దిద్దబాక.

పోలేదు మెసేజి.
అది అక్కడే గుండ్రంగా తిరుగుతుంటే
నేను కాలవగట్టు పట్టుకుని నడిచాను.
నిజంగానే జనం లేరు.
రెండు బర్రెలు, ఆరేసిన చీర,
చివరాఖర్న ఎవడో అడ్డంగా పెట్టిపోయిన బైకు.

ఇది కూడా మ్యాపులో పెట్టాలి.
పెడదామంటే ఒక చేతిలో చెప్పులు,
ఒక చేతిలో రొట్టె.

వెనక్కి తిరిగి
వచ్చేవాళ్లకి అరిచి చెప్పాను.