తుప్పు చిట్టా

తాళ్ళరేవులో ఇనుముకి ఆయుష్షు తక్కువ.
గేటు బందులూ, సైకిలు చువ్వలూ,
ట్రంకుపెట్టె అడుగూ
ఉప్పుగాలి నమిలి పడేస్తుంది.
మా నాన్న పడవల యార్డులో తుప్పు గోకేవాడు.
సాయంత్రం ముక్కు చీదితే ఎర్రగా వచ్చేది.
చుక్కాని పక్కన జింకుబిళ్ళ బిగిస్తూ అనేవాడు:
"సముద్రం ముందు దీన్ని తినాలి.
దీన్ని తింటున్నంతసేపు పడవ జోలికి రాదు."

నేనిప్పుడు కాకినాడలో, మూడో అంతస్తు ల్యాబులో
తుప్పు పట్టడానికే పోతపోసిన లోహానికి
కాపలా కాస్తున్నాను.
ఈ సంగతి చెబితే నాన్న బీడీ ఆర్పి
చాలాసేపు నా మొహంలోకి చూశాడు.
"దానికి జీతం కూడానా?"

మెగ్నీషియం.
అరచేతిలో పెడితే ఎండిన కొబ్బరిచిప్పంత తేలిక.
అందులో చిటికెడు జింకు, చిటికెడుకీ తక్కువ కాల్షియం.
ముక్కని గరుకు కాగితం మీద రుద్ది,
నున్నటి కాగితం మీద రుద్ది,
మెత్తటి గుడ్డ మీద అద్దమయ్యేదాకా రుద్ది
ఆమ్లంలో ఎనిమిది సెకన్లు ముంచి
మైక్రోస్కోపు కింద పెట్టాను.

చేలు!
యానాం వంతెన మీద బస్సు ఆగినప్పుడు కనిపించేలాంటివే.
ఒక్కో రేణువూ ఒక మడి,
మడికీ మడికీ నడుమ సన్నటి గట్టు,
గట్ల మీద అక్కడక్కడ నల్లగా ఇంకేదో పదార్థం,
పోరంబోకులో పాకలు వేసుకున్నట్టు.
ఆ పాకల పక్కనే మొదలవుతుంది తినడం.
ఉప్పునీరు మడి నడిమధ్య పుట్టదు,
గట్టు గండి పడినచోట జొరబడుతుంది.
అమావాస్య పోటుకి ఏటిగట్టు మీద
లాంతరుతో తిరిగిన ఎవర్నయినా అడగండి.

మా మొదటి పోత చెడింది.
ఒంటి నెత్తురుకి నకలుగా కలిపిన ద్రావణంలో
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
మడఅడవి బురదలా బుడబుడమని గాలి వదిలింది.
నాలుగో రోజుకి గుంటలు. తొమ్మిదో రోజుకి జల్లెడ.
ఎందుకని తవ్వితే, కరిగించిన కుండ గోడ నుంచి
ఇసుమంత ఇనుము.
పదివేల పాళ్ళలో మూడు పాళ్ళు.
మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.
ఇనుము మమ్మల్ని వదిలిందెప్పుడు?

పోల్చి చూసుకోడానికి పెద్దాసుపత్రి నుంచి
ఒంట్లోంచి తీసేసిన స్టీలు ప్లేట్లు తెచ్చుకుంటాం.
అక్కడ కనిపించాడు లోవరాజు.
అంబాజీపేటలో కొబ్బరి దింపు పని,
ముంజేయి విరిగితే ప్లేటూ ఆరు మరలూ వేశారట,
ఎముక అతికాక తియ్యడానికి మళ్ళీ కోశారట,
మళ్ళీ రెండు నెలలు కూలి లేదట.
"రెండోసారి చెట్టెక్కకుండానే పడ్డానమ్మా," అని నవ్వాడు.
మరలు తనకే ఇమ్మన్నాడు.
ఐదు ఇచ్చి, ఒకటి నేను తెచ్చుకున్నాను.
అది ఇంకా మెరుస్తోంది, సిగ్గులేకుండా.

ఎముకకి పన్నెండు వారాలు కావాలి.
అప్పటిదాకా మర నిలబడాలి,
ఆ తర్వాత చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలా
చెప్పులు తొడుక్కోవాలి.

కుండ మార్చాం.
కడ్డీని వేడివేడిగా ఇరుకు రంధ్రంలోంచి,
జంతికల గొట్టంలోంచి పిండిని నొక్కినట్టు, తోశాం.
మళ్ళు చిన్నవయ్యాయి. పాకలు చెదిరిపోయాయి.
ఈసారి గుంటలు లేవు.
ఒళ్ళంతా సమానంగా తెల్లటి పొర, బూడిద పూసుకున్నట్టు.
చిట్టాలో నలభై రెండో రోజు బరువు రాసి
కింద గీత గీశాను. ఇంకా సగం దారి.
కుందేలు ఎముకలో పెట్టాలి, ఆ తర్వాత గొర్రె ఎముకలో.
లోవరాజులాంటి వాడి చేతిదాకా రావడానికి
నా తల నెరుస్తుందేమో.

ఆ రోజు నాన్న ల్యాబుకి వచ్చాడు.
ముక్కని చూసి, అలవాటు కొద్దీ,
బొటనవేలి గోరు చాచాడు.
"గోకకు నాన్నా."
చెయ్యి వెనక్కి తీసుకుని, జేబులోంచి
సముద్రం తినగా మిగిలిన జింకుబిళ్ళ
నా త్రాసు మీద పెట్టాడు.
"ఎంతుందో చూడు."

ముప్పై ఒక్క గ్రాములు.
చిట్టాలో రాశాను,
ఏ నమూనా నంబరు వెయ్యాలో తెలీక
ఆ గడి ఖాళీగా వదిలేసి.