ఫాంట్ లేని పేరు

పెళ్ళివాళ్ళ పెన్‌డ్రైవ్ గుచ్చింది నేనే.
చీమ కన్నంత ఎర్ర బల్బు వెలిగింది.
ఫోటోల బదులు ఫోటోల నీడలు.
ప్రతి ఫోల్డర్ మీదా వంకర బాణం,
నొక్కితే ఎక్కడికీ పోని దారి.

రాంనగర్ చేపల మార్కెట్ వెనక
ఇరవై రెండేళ్ళుగా ఈ ఒక్క గదిలో
బస్తీ శుభాలూ అశుభాలూ నేనే పేరుస్తాను.
శుభలేఖకి పసుపు, పెద్దకర్మ కార్డుకి నల్ల గీత.
మధ్యలో పేర్లే మారతాయి.

మంగళవారానికల్లా అన్నిటికీ బాణాలు మొలిచాయి,
బోనాల కరపత్రాలకి, ట్యూషన్ పోస్టర్లకి,
రజక సంఘం డైరీకి.
నేనేమీ చెయ్యకపోయినా లోపల ఫ్యాను రొద,
ఎవరో చీకట్లో మెట్లెక్కుతున్నట్టు.
నెట్ తీగ పీకేశాను,
పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేసినట్టు.
పై వాటా శాకంబరమ్మగారు
మానిటర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టమన్నారు.
నవ్వాను.
కట్టాను కూడా.

పార్క్‌లేన్ నుంచి ఇబాద్ వచ్చాడు,
హెల్మెట్ కింద పెట్టి, చెప్పులు బయట విడిచి.
"ఫికర్ చెయ్యొద్దక్కా, మాల్ ఎటు పోలే.
లోపల దాచిపెట్టి బయట దొంగ బోర్డు కట్టింది, అంతే."
నల్ల తెర తెరిచి ఒక్క వరస కొట్టాడు,
దాగినవన్నీ బయటికి రావాలని.

వచ్చాయి.
కరెంటు పోతే బస్తీ అంతా అరుగుల మీదికొచ్చినట్టు
ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి.

వాటి వెనక, పిలవనిది ఒకటి.
దానికి పేరైనా పెట్టలేదు నేను,
కొత్త ఫోల్డర్ రెండు.
రెండువేల ఏడులో, ఈ డబ్బాకి తాత డబ్బాలో
కుడి బటన్ నొక్కి దాచింది ఏ వైరసూ కాదు, నేనే.
డబ్బాలు మారాయి, కాపీ మీద కాపీ పడింది.
దాగినట్టే దాగి అది నా వెంట వచ్చింది.

ఇబాద్ తెరిచాడు.
తెర నిండా పిచ్చి గీతలు, చుక్కలు, కొక్కేలు,
తలకిందులు ప్రశ్నలు,
ఏ దేశాలవో డబ్బు గుర్తులు.
"ఇది మొత్తం ఖరాబైందక్కా. తీసేస్తా."

ఆగు, అన్నాను.
ఖరాబు కాదు నాయనా, తెలుగే.
అప్పటి ఫాంటు ఇప్పుడు లేదంతే.

"మరి ఎట్ల చదువుతరు?"

కళ్ళతో కాదు.
టేబుల్ అంచు మీద వేళ్ళు వాటంతటవే నడిచాయి.
ఆ పౌండు గుర్తు నా పేరులో గుడి.
ఆ రెండు చుక్కలు సున్నా. ఆ కొక్కెం ఒత్తు.
చి.ల.సౌ. అన్న చోట నేను.
చి. అన్న చోట
వేళ్ళు కాసేపు ఆగి, మళ్ళీ కొట్టాయి.
ముహూర్తం ఉదయం పదకొండూ నలభై రెండు.
స్థలం బర్కత్‌పుర.
విందు, ముహూర్తానంతరం.

ఈ కుర్చీలోంచి ఎన్ని వందల పెళ్ళిళ్ళు చేశానో,
ఆ ఒక్క కార్డే ప్రెస్సుకి పోలేదు.
ఎందుకో చెప్పను.
ప్రూఫు రెండుసార్లు దిద్దాను, తప్పుల్లేవు.
అంతవరకే నా పని.

"వైరస్ కాదు గదా?" నేనే అడిగాను.
"కాదక్కా."
"అయితే ఉండనీ."
"మళ్ళ దాచన్నా?"
స్టవ్ మీద టీ మరుగుతోంది.
వద్దన్నాను.

ఐదొందలడిగి నాలుగొందలు తీసుకున్నాడు.
పోతూ పోతూ నిమ్మకాయని చూశాడు,
ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పెళ్ళివాళ్ళు,
చేతిలో ఇంకో పెన్‌డ్రైవ్.
ముందు కడగాలమ్మా దీన్ని, అన్నాను,
బయటినుంచొస్తే కాళ్ళు కడుక్కోరూ?
వాళ్ళు నవ్వారు.
పచ్చగీత కుడి అంచుకి పాకేదాకా చూసి
కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

చి.ల.సౌ. కొట్టి,
పిల్ల వైపు తిరిగి,
పేరు చెప్పమ్మా, అన్నాను.
మెల్లగా, ఒత్తులతో సహా.