వెతుకుతున్న మనిషి

కొర్లగుంటలో మిద్దె మీద రేకుల గది.
నైటు డ్యూటీ దిగి, కండ్లలో ఇంకా బస్సులు తిరుగుతుండగా
దొరసామి సారు ముందర కూర్చుంటాను.
"మనిషిని మొదట నిలబెట్టు రెడ్డెమ్మా,
పక్కన హూ పెట్టు,
మిగతా కథంతా ఆ హూ వెనకాల తగిలించు" అంటాడు,
ట్రాక్టరుకు ట్రెయిలరు తగిలించినట్టు.

ఎదురు మిద్దె మీద
మిరపకాయలు ఆరబోస్తున్న ఆమెను చెప్పమంటే
'ది ఉమన్' అని ఆగిపోతాను.
ఆమె నాకు మిరపకాయలతోనే తెలుసు.
వాటికంటే ముందు ఆమెను యాడ నుంచి తేను?

పదకొండేండ్లుగా బస్టాండు మైకులో
మనిషిని ఆఖరికే పిలుస్తా వచ్చినాను సారూ.
ఆకుపచ్చ లుంగీ కట్టుకున్న,
ఎడం చెవిలో దూది పెట్టుకున్న,
పలమనేరు బస్సు దిగి టీ తాగను పోయిన...
అంతవరకూ ప్లాట్‌ఫారాలన్నీ ఊపిరి బిగబడతాయి,
ఎవరి మొగుడో, ఎవరి తమ్ముడో.
చివర్న పేరు పడుతుంది,
తూకం సరిచేసే ఆఖరి బెల్లం ముక్క మాదిరి.
ఇంగ్లీషులో మనిషి మొదట్లోనే దొరికిపోతాడు.
ఆ తర్వాత ఎవరు వింటారు?

గుండు కొట్టించుకున్న, గంధం పూసుకున్న,
ఇవి పనికిరావని మొదటి నెల్లోనే తెలిసింది.
తిరుపతిలో అట్లా చెబితే
మూడొందల మంది లేచి నిలబడతారు.

నిన్న 'తప్పిపోయిన బిడ్డ' అని రాసిస్తే
'లాస్ట్ చైల్డ్' అని దిద్దినాడు సారు.
మన మాటలో బిడ్డే తప్పిపోతుందంట,
ఆ మాటలో బిడ్డను ఎవరో పోగొడతారంట.
చెప్పి, బోర్డు తుడిచి,
తుడిచిన చోటే మళ్లీ తుడిచినాడు.

మొన్న రాత్రి రెండు దాటినాక
కౌంటరు అంచుకు గడ్డం అందని పిల్ల ఒకటి.
"మీయమ్మ ఎట్లుంటుంది పాపా?"
చీర రంగు తెలీదు. పేరు, అమ్మ.
తల బరబరా గోక్కుని చెప్పింది:
"కమ్మలు అమ్మేసిన అమ్మ.
బస్సులో కక్కుకున్న అమ్మ.
నేను నిద్రపోయినాననుకుని పాడే అమ్మ."
మైకు నొక్కి, ఉన్నదున్నట్టు చదివినాను.
సూపర్వైజరు పండ్లు కొరికినాడు.
నాలుగో ప్లాట్‌ఫారం నుంచి ఒకామె
ఉత్త చెవి తడుముకుంటా పరిగెత్తుకొచ్చింది.

ఈ పొద్దు పరీక్ష.
'వెతుకుతున్న మనిషి', ఇంగ్లీషులో రాయి.
"తాను వెతికేదా, మనం వెతికేదా,
అది తేల్చుకో ముందు" అంటాడు సారు.
అద్దానికి ఇవతల ఆ పిల్ల,
అవతల ఆ తల్లి,
నడుమ నా చెయ్యి మైకు మీద.
తేల్చేది ఎట్లా?

హూ అని రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టాలా వద్దా అని
చానాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నా.
సారు సగం మార్కు వేసినాడు.