చేబదులు

మా తాత హోరేస్ డౌస్ గుడ్డు ముట్టేవాడు కాదు.
ఇంటి వెనక పదహారు కోళ్లు,
రోజూ బుట్ట నిండేది, వీధంతా పంచేవాడు.
నాన్నమ్మ కేకులో కలిపిందని తెలిస్తే
ఆ ముక్క పక్కకి జరిపి
టీ మాత్రం తాగి లేచేవాడు.
పక్కింటి నుంచి కప్పు చక్కెర చేబదులు తెచ్చినా
చీకటి పడకముందే తీర్చాలి ఆయనకి.
గుడ్డు పడదేమో అనుకున్నాం.
పడదు అన్న మాట ఎంత లోతో అప్పుడు తెలీదు.

పోయాక, బిస్కెట్ డబ్బాలో
నీలం అట్ట లాగ్‌బుక్కు దొరికింది.
పగలు ఎగిరితే ఆకుపచ్చ సిరా,
రాత్రి ఎగిరితే ఎరుపు.
లాంకాస్టర్ విమానం, తోక గన్నర్,
ఇరవై రెండు ఎర్ర వరసలు.
ఇరవై మూడోది రాసి, కొట్టేసి ఉంది.
కొట్టివేత కింద నుంచి తేదీ మాత్రం కనిపిస్తోంది:
మార్చి, నలభై నాలుగు.

నేను లింకన్ బస్సు డిపోలో డ్యూటీలు వేసేదాన్ని.
ఒక డ్రైవరు రాకపోతే
ఆ పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడం
ముప్ఫై ఏళ్ల నా ఉద్యోగం.
ఆ గీత చూడగానే
బుర్ర కన్నా ముందు నా చేతికి అర్థమైంది.

లండన్ శివార్లో రికార్డుల భవనం.
పెన్ను బయటే పెట్టమన్నారు, పెన్సిలుకే ప్రవేశం.
మూడో రోజు మధ్యాహ్నం తెరిచిన పెట్టెలో
ఆ రాత్రి టైపు చేసిన జాబితా:
ఏడు పేర్లు. చివరి పేరు మీద వరసగా ఇంటూ గుర్తులు,
పక్కన ఇరుకులో ఇంకో పేరు, హాల్డర్సన్, ఎల్.
మా తాతకి చెవిలో చీమట.
డాక్టరు ఎగరొద్దన్నాడట.
బయల్దేరిన టైము ఉంది.
దిగిన టైము రాయాల్సిన గడి
కాగితంలో అన్నిటికన్నా తెల్లగా ఉంది.

అదే కాగితంలో వాళ్లు వెళ్లిన ఊరు కూడా ఉంది,
పేరు, ఎగిరిన ఎత్తు, బాంబుల బరువు పౌన్లలో.
ఆ ఊళ్లోనూ ఎవరో ఒక పెట్టె తెరిచి
పెన్సిలుతో పేర్లు ఎక్కించుకుంటూ ఉంటారు.
వాళ్లు ఎదురైతే ఏం చెప్పాలో నాకు తెలీదు.
పేజీ తిప్పాను.

హాల్డర్సన్ల కోసం రెండేళ్లు.
విన్నిపెగ్‌లో ఒక పళ్ల డాక్టరు, సంబంధం లేదు.
ఒక ముసలావిడ, సంబంధం లేదు,
అయినా ఊలు మేజోళ్లు అల్లి పంపింది.
చివరికి సస్కాచ్వాన్ గోధుమ నేలల్లో
లోర్న్ చెల్లెలు సిగ్రున్, తొంభై నాలుగేళ్లు.
నా పేరూ ఊరూ చెప్పాను.
కాసేపు ఊపిరి మాత్రం వినబడింది.
"చెవి నొప్పి కుర్రాడి మనిషివా?" అంది.
నేనింకా చెవి సంగతి ఎత్తనే లేదు.

అన్న ఆఖరి ఉత్తరం అప్పజెప్పింది,
కాగితం వెతుక్కోకుండా, ఎక్కడా తడబడకుండా:
"ఇవాళ గుడ్లు పెట్టారు, ఎగిరేవాళ్లకి మాత్రమే.
ఒకడు చెవి పట్టుకుని మంచం మీద ఏడుస్తున్నాడు,
నొప్పికి కాదు, సిగ్గుకి.
వాడి బదులు వెళ్లేది నేనే.
నా గుడ్డు పట్టుకెళ్లి వాడికిచ్చాను.
వద్దన్నాడు, తినిపించాను.
పొద్దున్న రెండు తిని లెక్క సరిచేస్తానన్నాను.
మన గోధుమరంగు గుర్రానికి నాడాలు వేయించారా?"

వేయించామని రాసిన జవాబు
విప్పకుండానే తిరిగొచ్చిందట.

ఆ కుర్రాడు బతికాడా, అని అడిగింది.
బతికాడండీ. తొంభై ఒకటి.
రైల్వే సిగ్నళ్ల దగ్గర పని. నలుగురు పిల్లలు.
కోళ్లు పెంచేవాడు.
"గుడ్లు తినేవాడా?"

ఏది చెబితే ఆమె ఆ రాత్రి నిద్రపోతుందో తెలీలేదు.
ఉన్నది చెప్పాను.

చాలాసేపటికి,
"పిచ్చోడు," అంది.
ఎవరిని అన్నదో నేను అడగలేదు.