సదానందం దుకాణం

కొత్తవాడ సందుల సదానందం కంప్యూటర్ దుకాణం.
నాలుగు డబ్బాలు, నడిచేవి మూడు.
గంటకు పది రూపాయలు, చెప్పులు బయట.
స్పీకర్లు లేవు.
వెనుక అర్రల వాళ్ల నాయిన, పక్షవాతం,
చిన్న సప్పుడుకే ఉలిక్కిపడి ఏడుస్తడని
ఆటలన్నిటి నోళ్లు మూసిండు.

మూడో డబ్బా నాది.
బల్లెం పట్టిన పిలగాడు, నీలపు అడవి, ఎనిమిది తలుపులు.
ఎనిమిదో తలుపు అవతల గుట్టంత జంతువు,
వీపు మీద గడ్డి మొలిచి ఉంటది.
దాన్ని పొడిస్తే ఆట ఒడిసినట్టు.

ఆటకు సప్పుడు లేదు గని గోడకుండె.
గోడ అవతల ఓదెలు మామ జంపఖాన మగ్గం.
పంజా దిగితే ధప్.
కొంచెం ఆగి, ధప్ ధప్.
ఆ దెబ్బకే నా పిలగాడు అడుగేసేటోడు.
దారం తెగితే మామ ఆగేటోడు,
నేనూ చెట్టు చాటుకు ఆగేటోణ్ణి,
ఏదో రాబోతుందని అరచేతులు చెమట పట్టేవి.
దారం తెగిందని నాకేం తెలుసు,
భయం అనుకున్న.
మామ చాయకు పోయిన పది నిమిషాలు
అడవి అడవంతా సావు ఇల్లు లెక్కుండేది.
పెద్ద ఆర్డరొచ్చిన దినాలల్ల
మగ్గం ఉరుకుతుండె, నేను గెలుస్తుంటి.

నలభై మూడుసార్లు పొడిచిన దాన్ని.
లెక్క నరహరిగాడు గోడ మీద బొగ్గుతోని గీసిండు.
ఒక్కసారి గూడ అది ఎదురు తిరగలేదు.
ఎందుకు తిరగలేదో
ధప్ ధప్‌ల మాకు ఆలోచనే రాలేదు.

మొన్న రాత్రి, నయీంనగర్ల మా అద్దె ఇంట్ల,
బిడ్డ ఇందుజ ఎక్కడ్నో వెతికి పట్టింది ఆ ఆటను.
చెవులకు హెడ్‌ఫోన్లు, ముందుకు వంగి
గంటన్నరల ఎనిమిదో తలుపు తీసింది.
తీసి, చేతులు ఒళ్లె పెట్టుకొని కూసుంది.
"పొడువు" అన్న.
"నిద్రపోతాంది గద నాయినా."
"నీకెట్ల తెలుసు?"
"పాట చెప్తాంది."

నా చెవులకు పెట్టుకున్న.
సన్నటి పిల్లనగ్రోవి ఒక్కటే.
ఊదేటోడు మధ్య మధ్య ఊపిరి తీసుకుంటడు,
ఆ ఊపిరి గూడ వినవడతది.
జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూసోని
ఎవరో రాగం తీస్తున్నట్టు,
పదాలు మర్చిపోయి.
బొమ్మ అదే. ఒక్క చుక్క మారలేదు.
అదే గడ్డి, గాలికి అదే తీరుగ ఊగుతాంది.
అది గాలి కాదు.
ఊపిరి తీస్తే వీపు లేస్తాంది, ఇడిస్తే దిగుతాంది.
నలభై మూడు గీతలు
గొంతుల ఒక్కొక్కటే అడ్డం పడ్డయి.

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టిన.
ఎందుకు చేసిన్నో తెల్వదు,
మడిచిన వేళ్లతోని బల్ల మీద కొట్టిన.
ధప్.
కొంచెం ఆగి, ధప్ ధప్.
ఇందుజ కుర్చీ నా దిక్కు జరుపుకుంది.
"ఆపు. అది లేస్తదిప్పుడు.
నన్ను తింటది."

దారం తెగినట్టు ఆపిన.
తెర మీద జంతువు, దాని పని దానిది.
ఫ్యాను తిరుగుతాంది, కింద ఎవరో షటర్ గుంజిర్రు.

"ఎవలు చేసిర్రు ఆ సప్పుడు?"
"ఓదెలు మామ."
"ఆయన ఆటలు తయారు చేస్తడా?"
"లే. జంపఖానలు."
పిచ్చోణ్ణి చూసినట్టు చూసి
మళ్ల చెవులకు పెట్టుకుంది,
గొంతు తగ్గించి, తెరకు దగ్గరగ,
దాన్ని లేపకుండ.