రెండో విజిల్

ఆ వీడియోలో నేను ఎక్కడా లేను.
ఫోను పట్టుకున్నది మాత్రం నేనే.

పెరంబూరులో మేడ మీద ఒంటి గది మాది.
లోకో వర్క్‌షాపు సైరను మోగితే
గోడ మీద క్యాలెండరు ఊగేంత దగ్గర.
మంచం మీద బాసింపట్టు వేసుకుని
మా చెల్లి ఎస్తేరు, అప్పటికి పదమూడు నిండలేదు.
ఒళ్లో పట్టక సగం దుప్పటి మీదికి ఒరిగిన గిటారు.
మూర్ మార్కెట్‌లో పన్నెండు వందలకు బేరమాడి
నాన్న తెచ్చాడు. పొట్టకి పగులు.
రైలు పెట్టెలకు వెల్డింగు చేసే మనిషికి
చెక్క సంగతేం తెలుసు,
ఫెవికాల్ పూసి, నా జడ రిబ్బనుతో బిగించి
రాత్రంతా పక్కలో వేసుకుని పడుకున్నాడు,
జ్వరమొచ్చిన పిల్లని పడుకోబెట్టుకున్నట్టు.

ఆ రోజు ఏదో వాయిస్తోంది. దానికి పేరు లేదు.
పొయ్యి మీద కందిపప్పు.
మొదటి విజిల్‌కి తలెత్తింది.
రెండోది కూస్తుండగానే
సన్న తీగని వేలితో పక్కకి లాగి, ఇంకా లాగి
ఆ కూత పక్కన నిలబెట్టింది.
కుక్కరూ తీగా ఒకటే ఊపిరి.
ఆవిరి దిగుతుంటే తనూ దిగింది,
చివర్న అది తుస్సుమన్న చోట
అరచేత్తో తీగలన్నీ నొక్కి, తనూ తుస్సు.
"మాడిపోతోందే, కట్టెయ్యండే!" అని అమ్మ గొంతు.
ఎస్తేరు నవ్వింది. అక్కడ ఆపేశాను.

యాభై రెండు సెకన్లు.
తెల్లారేసరికి లక్ష మంది.
ఆదివారం ఆరాధన అయ్యేసరికి నలభై లక్షలు.
పాస్టరుగారు ఆ అంకె చదివితే
మందిరమంతా చప్పట్లు.
చేపలమ్మే సెల్వి అక్క గంప కిందనే దించి
మెట్లెక్కి వచ్చింది,
"ఇదుదానా?" అని కుక్కర్ని తాకి చూసి వెళ్లింది.

ఆ తర్వాత అందరికీ విజిలే కావాలి.
నగల కొట్టు తెరిస్తే విజిల్. కాలేజీ పండగకి విజిల్.
ఒక కంపెనీ ఎర్ర గిటారు పంపింది,
దాంతోపాటు కొత్త కుక్కరు.
"నేచురల్‌గా ఉండాలి" అన్నాడు కెమెరాలతో వచ్చినాయన.
పప్పు దండగని ఉత్త నీళ్లు పోసి పెట్టించాడు.
"నీళ్ల విజిల్ పలచనక్కా,
పప్పుంటే కొంచెం కింద పలుకుతుంది"
అని నా చెవిలో అంది.
ఆయనకి చెప్పాను. ఆయన టైము చూసుకున్నాడు.
పదకొండు సార్లు తీశారు.
పదకొండోసారికి తన మొహం
ఎవరింటి పిల్లదో అయిపోయింది.

నా సంగతా?
అంబత్తూరు ఎక్స్‌పోర్టులో చొక్కాలకు కాజాలు కుడతాను.
సూది కింద వేలు వణికితే ఆ పూట కూలి పోయినట్టే.
ఆ అలవాటే ఫోనుకీ వచ్చింది.
"ఏం స్టాండు వాడతారు మీరు?" అని అడిగాడాయన,
నా వైపు చూసి కాదు,
నా వెనక గోడ వైపు చూసి.

మొన్న తుఫాను రాత్రి కరెంటు పోయింది.
ఫోను చచ్చి మూలన పడింది.
ఎర్ర గిటారు పెట్టె తెరవలేదు తను,
చీకట్లో తడిమి పగులుదాన్నే తీసింది.
రిబ్బను ఇంకా ఉంది దానికి.
రేకుల మీద వాన,
యార్డులో ఎక్కడో బ్రేకుల కీచు,
నాన్న గురక,
ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి
పక్కన కూర్చోబెట్టుకున్నట్టు వాయించింది.
ఎంతసేపో తెలీదు,
లెక్కపెట్టేది చచ్చింది కదా.
నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.
ఒళ్లో పెట్టుకున్నాను,
పని లేని వాటిలాగా.

ఇంకొక్క మాట.
ఆ మొదటి వీడియోలో ముప్పై ఎనిమిదో సెకను దగ్గర,
తీగ వెళ్లి కూతని అందుకున్న చోట,
బొమ్మ కాస్త అదురుతుంది.
కత్తిరించి పంపమన్నారు కంపెనీవాళ్లు.
ఎస్తేరు ఒప్పుకోలేదు.
"అక్క కనపడేది అందులో
అక్కడొక్కచోటే" అంది.